సర్ఫరోష్, గుల్ఫాం హసన్, చంద్రపూర్‌లో ఒక ఎండాకాలం

హిందీ థ్రిల్లర్లలో హీరోకీ విలన్‌కీ మధ్య పోరు అనగానే ఒక్కొక్కరు ఒక్కో సినిమా పేరు చెప్తారు, కొందరు డర్ అంటారు, కొందరు బాజీగర్ అంటారు, మా ఫ్రెండ్స్‌లో ఒకడైతే ఇప్పటికీ మోహ్రా దగ్గరే ఆగిపోయాడు. నేను మాత్రం ఎప్పుడడిగినా సర్ఫరోష్ అనే చెప్తాను. ఎందుకంటే అందులో పోలీస్ ఆఫీసరైన హీరో ఆ విలన్‌కి, అంటే గుల్ఫాం హసన్ అనే పాకిస్తానీ గజల్ గాయకుడికి, అభిమాని. మామూలు అభిమాని కాదు, చిన్నప్పటి నుంచీ అతని గజళ్లు వింటూ పెరిగినవాడు, టికెట్ కొనుక్కుని కచేరీకి వెళ్లి ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకుని వినేవాడు. అలాంటోడికి ఒకరోజు, తను వెతుకుతున్న తుపాకుల దారి అంతా చివరికి ఆ పాటగాడి గుమ్మం దగ్గరికే పోతోందని తెలిస్తే ఎలా ఉంటది? ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఆలోచన దగ్గరికి రాగానే నాకు గుండెల్లో ఏదో పట్టేసినట్టు అవుతుంది.

సినిమా వచ్చింది 1999 ఏప్రిల్ 30న. నా పదో తరగతి పరీక్షలు అయిపోయి సెలవుల్లో ఉన్నాను. మాది కాగజ్‌నగర్, పేపర్ మిల్లు ఊరు. మా ఊళ్లో రైలెక్కితే వీరూర్, మాణిక్‌గఢ్ దాటి బల్లార్షా, దాని తర్వాత చంద్రపూర్. రాష్ట్రం మారుద్ది, స్టేషన్ బోర్డు మీద భాష మారుద్ది, మనుషులు మాత్రం పెద్దగా మారరు. చంద్రపూర్ చుట్టుపక్కల బొగ్గు గనుల్లో, బల్లార్‌పూర్ పేపర్ మిల్లులో పనిచేసే తెలుగువాళ్లు అప్పటికే తరాలుగా ఉన్నారు, చైత్రంలో మహాకాళి జాత్రకి మా ఆదిలాబాద్ జిల్లా నుంచి జనం కట్టకట్టుకుని పోయేవాళ్లు. మా మేనమామ అక్కడ బొగ్గు గనిలో పనిచేసేవాడు, ఎండాకాలం సెలవులంటే నేను అక్కడే. చంద్రపూర్ ఎండ గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం బయటికి అడుగు పెట్టలేం, కిటికీలకి తడిపిన గోనెసంచులు కట్టుకుని లోపల పడుకోవడమే, సాయంత్రం అయ్యాక కాలనీ మొత్తం బయటికొచ్చేది.

మామకి రెండే ఇష్టాలు. ఒకటి టీ, రెండోది గజళ్లు. షిఫ్ట్ నుంచి వచ్చి స్నానం చేసి, టేప్‌రికార్డర్ పక్కన కూర్చుంటే ఇక లేవడు. జగ్జీత్ సింగ్, మెహదీ హసన్, గులాం అలీ, పంకజ్ ఉధాస్, అన్నీ క్యాసెట్లు వరసగా, మధ్యలో మన ఘంటసాల భగవద్గీత. ఉర్దూ చదవడం రాదు ఆయనకి, కాని గనిలో పక్కన పనిచేసే నాగ్‌పూర్ సాహెబ్ ఒకాయన దగ్గర ఒక్కో పదానికి అర్థం అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి మా అత్తకి చెప్పేవాడు. మెహదీ హసన్ పుట్టింది మన రాజస్థాన్‌లోనే, లూణా అనే ఊళ్లో, దేశం ముక్కలయ్యాక అటు పోయాడు, అని మొదటిసారి నాకు చెప్పింది మామే. "గొంతు ఇక్కడిదే రా, మనిషి అక్కడికి పోయిండు" అనేవాడు. సినిమాలో గుల్ఫాం హసన్‌కీ ఈ మహానుభావుడికీ ఏ సంబంధమూ లేదు, అది కల్పిత పాత్ర, కాని ఆ మాట విన్న చెవులతో సినిమాకి వెళ్లాను కాబట్టి నాకు ఆ పాత్ర వేరేగా ఎక్కింది, అందుకే చెప్తున్నా.

ఆమిర్ ఖాన్ సినిమా అని, అందులో జగ్జీత్ సింగ్ గజల్ ఉందని, మామే తీసుకెళ్లాడు. ఫస్ట్ షో. హాల్లో కూలర్లు తిరుగుతున్నాయి కాని గాలి వేడిగానే ఉంది. సినిమా మొదలైన కొద్దిసేపటికే చంద్రపూర్ అడవుల పేరు వచ్చింది, అక్కడి ముఠాకి తుపాకులు చేరడం, బస్సులో పోతున్న జనాన్ని కాల్చెయ్యడం. చంద్రపూర్ అని తెర మీద వినపడగానే హాలంతా ఒక్కసారి గోల, ఈలలు, "అరే, మన ఊరి పేరు చెప్పిండు రా" అని మా వెనకాల తెలుగు పిల్లలు. కాని కాల్పుల సీన్ రాగానే ఆ గోల మొత్తం ఆగిపోయింది. మా వైపు ఆ రోజుల్లో అడవి, తుపాకీ, పోలీస్ క్యాంపు ఇవేవీ సినిమా మాటలు కావు కదా, అటు గడ్చిరోలి, ఇటు ఆదిలాబాద్, రోజూ పేపర్లో చదివేవే. ముంబైలో కూర్చుని చూసినవాళ్లకి అది కథకి మొదలు మాత్రమే అయ్యుంటది, మాకు అలా అనిపించలేదు.

అక్కడి నుంచి డైరెక్టర్ జాన్ మాథ్యూ మత్తన్ చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆయనకి అది మొదటి సినిమా. హీరో ఒకేసారి పోయి విలన్‌ని కలవడు. ఒక్కో మెట్టూ ఎక్కాలి. బాలా ఠాకూర్ దొరికితే మిర్చీ సేఠ్, మిర్చీ సేఠ్ దగ్గర్నించి సుల్తాన్, అలా ఒకడి తోక పట్టుకుంటే ఇంకొకడు. ప్రతి మెట్టు దగ్గరా పోలీసులకి దెబ్బ తగులుతూనే ఉంటుంది, మనుషులు పోతుంటారు. ఆ సంవత్సరమే సంక్రాంతికి సమరసింహారెడ్డి చూసి బాలయ్య డైలాగులకి గొంతు పోయేలా అరిచినవాణ్ని నేను, విలన్ ఎదురైతే తొడ కొట్టాలి, సుమోలు లేవాలి అనే లెక్కలో ఉన్నాను, ఇక్కడ చూస్తే ఏసీపీ అజయ్ సింగ్ రాఠోడ్ ఒక సన్నటి కుర్రాడు, గొంతు పెంచడు, ఫైళ్లు చదువుతాడు, దొరికినోణ్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతాడు. పక్కనే ఇంకో దారిలో గుల్ఫాం హసన్ కచేరీలు, చప్పట్లు, దండలు, ప్రభుత్వ మర్యాదలు. ఈ రెండు దారులూ ఎక్కడో కలుస్తాయని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది, అజయ్‌కి తెలీదు. అతను ఇంకా ఆ గొంతుని ప్రేమిస్తూనే ఉంటాడు. గుల్ఫాం కూడా ఈ కుర్రాడితో స్నేహంగా మాట్లాడుతుంటాడు, భుజం మీద చెయ్యేస్తాడు. ఆ నవ్వు చూస్తే భయం వేసేది నాకు, తుపాకీ చూస్తే కాదు.

నసీరుద్దీన్ షా గురించి ఎంత రాసినా తక్కువే. 1994లో మోహ్రాలో ఆయన గుడ్డివాడిలా నటించే విలన్, అది మంచి మసాలా. ఇక్కడ మాత్రం వేరే మనిషి. శాలువా కప్పుకుని హార్మోనియం ముందు కూర్చుని "హోష్‌వాలోం కో ఖబర్ క్యా" అని అందుకుంటే, పాడింది జగ్జీత్ సింగ్, రాసింది నిదా ఫాజ్లీ, బాణీ జతిన్ లలిత్‌లది అని తెలిసినా, ఆ పూట అది గుల్ఫాం పాటే. పెదాల కదలిక, పాదం చివర్లో ఆ చిన్న తల ఊపు, వినేవాళ్ల మెప్పుకి చెయ్యెత్తి సలాం చెయ్యడం, అన్నీ నిజం గజల్ గాయకుడివే. అదే పాటలో అజయ్‌కీ సీమాకీ (సోనాలీ బెంద్రే ఎంత బాగుంటదో ఆ పాటలో) చూపులు కలుస్తాయి. అంటే హీరో ప్రేమ కూడా విలన్ గొంతులోనే పుట్టింది. ఇది ఎంత పెద్ద విషయమో ఆ రోజు నాకు తెలీలేదు, పెద్దయ్యాక టీవీలో చూస్తున్నప్పుడు తట్టింది, గుల్ఫాంని పట్టుకోవడం అంటే అజయ్ తన సొంత జ్ఞాపకాల్లో అన్నిటికంటే తియ్యనిదాన్ని తనే చేతులారా పాడు చేసుకోవాలి.

మళ్లీ అదే మనిషి మేకపిల్ల చెవి కొరికే సీన్ ఒకటుంది. చూసినవాళ్లెవరూ మర్చిపోరు. ఒక్క నిమిషం కూడా ఉండదు, డైలాగ్ లేదు, అయినా ఆ సీన్ తర్వాత ఆ శాలువా, ఆ సలాం, ఆ మెత్తటి ఉర్దూ వేటినీ ముందులా చూడలేం. నా పక్కన మామ "ఛీ" అని మొహం తిప్పుకున్నాడు.

అజయ్‌కి మాత్రం ఈ పోరు ఉద్యోగం కాదు. ముందు డాక్టర్ చదువుతున్నవాడు, టెర్రరిస్టుల గురించి సాక్ష్యం చెప్పబోయిన తండ్రిని ఎత్తుకుపోయి, అన్నని చంపేస్తే, చదువు వదిలి పోలీస్ అయినవాడు. మామూలుగా అయితే ఇలాంటి కథ పగ తీర్చుకునే కథ అయిపోద్ది. ఇక్కడ అలా అవ్వనివ్వలేదు, ఇంట్లో మంచం పట్టిన ఆ తండ్రిని చూపిస్తారు, అజయ్ ఆయన పక్కన కూర్చుంటాడు, అంతే, శపథాల్లేవు.

ఇన్‌స్పెక్టర్ సలీం గురించి చెప్పకపోతే ఇది రాయడం దండగ. ముఖేష్ రుషి. సుల్తాన్ తప్పించుకుపోయాక సలీంని కేసు నుంచి పక్కనపెడతారు, తన మతం చూసే అనుమానించారని అతనికి లోపల కాలిపోతుంటుంది. అజయ్ ఆవేశంలో, ఈ దేశం నా ఇల్లు, దీన్ని కాపాడుకోవడానికి నాకు ఏ సలీమూ అక్కర్లేదు అన్నట్టు మాట అనేస్తాడు. తర్వాత సలీం తన సొంతంగా తిరిగి ఆచూకీ పట్టుకుని అజయ్ దగ్గరికే వస్తాడు, వచ్చి, ఇంకెప్పుడూ ఏ సలీంతోనూ ఈ దేశం నీ ఇల్లు కాదని అనకు అంటాడు. ఆ సీన్‌కి చంద్రపూర్ హాల్లో ముందు బెంచీల నుంచి బాల్కనీ దాకా చప్పట్లు. మామ పక్కన ఆ నాగ్‌పూర్ సాహెబ్ కూడా ఉన్నాడు ఆ రోజు, మామ ఆయన వైపు చూడలేదు, ఆయన మామ వైపు చూడలేదు, ఇద్దరూ చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నాకు అనిపించేది ఏంటంటే గుల్ఫాం ఓడిపోయింది క్లైమాక్స్‌లో కాదు, ఇక్కడే. గుల్ఫాం లెక్క మొత్తం సలీం లాంటోళ్లు ఈ దేశంలో పరాయివాళ్లుగా ఉండిపోతారన్న నమ్మకం మీదే కదా, ఆ లెక్క తప్పింది.

తమాషా ఏంటంటే (నిజానికి నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి) ఆ సలీమే మూడేళ్లకి 2002లో ఇంద్రలో చిరంజీవికి ఎదురు నిలబడ్డ విలన్. సుల్తాన్‌గా వేసిన ప్రదీప్ రావత్ 2004లో సైలో భిక్షు యాదవ్ అయ్యి తెలుగునాట చిన్నపిల్లల్ని కూడా భయపెట్టాడు, అంతకుముందు ఆయన టీవీ మహాభారత్‌లో అశ్వత్థామ. సై చూస్తూ మా ఊరి థియేటర్లో నేను "సుల్తాన్ రా వీడు" అంటే పక్కనోళ్లకి అర్థం కాలేదు. మకరంద్ దేశ్‌పాండే కూడా ఉన్నాడు సర్ఫరోష్‌లో, ఆర్‌ఆర్‌ఆర్ చూసినవాళ్లు గుర్తుపడతారు. నవాజుద్దీన్ సిద్ధికీ అయితే ఒక్క ఇంటరాగేషన్ సీన్‌లో, ఆమిర్ ముందు కూర్చుని భయపడే చిన్న నేరస్తుడు, ఆ రోజు ఆ మొహాన్ని ఎవరు చూశారు, ఎవరు గుర్తుపెట్టుకున్నారు!

ఇంక ఆ చివరి హవేలీ. రాజస్థాన్‌లో గుల్ఫాం వాళ్ల పాత ఇల్లు. చిన్నపిల్లాడిగా వదిలేసి పోయిన గోడలు అవి. అటు పోతే అక్కడ మొహాజిర్ (ఇండియా నుంచి వలసొచ్చినవాడు) అనిపించుకోవడం, ఇటు వస్తే అతిథి అనిపించుకోవడం, సొంతవాడు అని ఎక్కడా అనిపించుకోకపోవడం. ఈ బాధని సినిమా ఎక్కడా వెక్కిరించలేదు, అదే నాకు గొప్పగా అనిపించేది. అజయ్ చివర్లో గుల్ఫాంతో మాట్లాడతాడు. తుపాకులు రెండు వైపులా ఉన్నాయి, కాని నడిచేది మాటల యుద్ధం. నీకు జరిగింది అన్యాయమే కావచ్చు, మరి నువ్వు పంపిన తుపాకులకి చచ్చినవాళ్లు నీకేం చేశారు అన్న ప్రశ్న దగ్గర గుల్ఫాం దగ్గర జవాబు లేదు. అన్నీ ఉన్నాయి ఆయన దగ్గర, గజల్ షేర్లు (రెండేసి పాదాల కవితలు) ఉన్నాయి, భాష ఉంది, గొంతు ఉంది, ఆ ఒక్కదానికి జవాబు లేదు. తన ప్రాణం తనే తీసుకుంటాడు. హీరో మొహంలో గెలిచిన సంతోషం వెతికినా కనపడదు.

ఈ హవేలీ సంగతి నాకు లోతుగా తగలడానికి ఇంకో కారణం ఉంది. కాగజ్‌నగర్ దగ్గర నజ్రుల్‌నగర్ వైపు తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల ఊళ్లున్నాయి, చాలామందికి తెలీదు, తెలంగాణ అడవి అంచున బెంగాలీ మాట్లాడే పల్లెలు. స్కూల్లో నా పక్కన కూర్చునేవాడిది ఆ ఊరే. వాళ్ల తాత ఎప్పుడెళ్లినా వదిలొచ్చిన ఇంటి గురించే చెప్పేవాడు, ఇంటి వెనక చెరువు, వక్క చెట్లు, వరదొస్తే గుమ్మం దాకా వచ్చే పడవ. మాకు చేపల పులుసు పెట్టి, ఆ చెరువు చేప రుచి దీనికి రాలేదు అనేవాడు. కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఆ వేసవి సెలవుల తర్వాత నేను మావాడికి సర్ఫరోష్ కథ మొత్తం చెప్పాను, హవేలీ దగ్గరికి రాగానే వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మా తాత కూడా అట్లనే గోడలు తలుచుకుంటడు, కాని ఎవర్నీ ఒక్క మాట అనడు" అన్నాడు. పదిహేనేళ్ల పిల్లాడు అన్న ఆ మాటకంటే మంచి రివ్యూ ఆ సినిమా మీద నేను ఇప్పటిదాకా చదవలేదు.

సినిమా ఆడుతుండగానే మే నెలలో కార్గిల్ మొదలైంది. అప్పటిదాకా చాలా హిందీ సినిమాల్లో "పొరుగు దేశం", "సరిహద్దు అవతల" అని చాటుగా చెప్పేవాళ్లు, ఇందులో పాకిస్తాన్ పేరు, ఐఎస్ఐ పేరు సూటిగానే అన్నారు. అప్పుడే ఇంగ్లండ్‌లో వరల్డ్ కప్, జూన్ 8న మాంచెస్టర్‌లో ఇండియా పాకిస్తాన్ మ్యాచ్, మనమే గెలిచాం, అటు కొండల మీద సైనికులు పోతున్నారు, కాలనీలో టపాసులు కాల్చాలా వద్దా అని పెద్దవాళ్లు మాట్లాడుకోవడం గుర్తు. ఆ రోజుల్లో మామ టేప్‌రికార్డర్ పెట్టలేదు. ఎవరూ వద్దనలేదు, ఆయనే పెట్టలేదు. మెహదీ హసన్ క్యాసెట్లు బీరువా పైకి పోయాయి. యుద్ధం అయిపోయాక, వర్షాలు పడ్డాక, ఒకరోజు మా అత్తే దించి పెట్టిందట.

2006లో తెలుగులో అస్త్రం అని తీశారు, సురేష్ కృష్ణ డైరెక్టర్, మంచు విష్ణు హీరో, జాకీ ష్రాఫ్ విలన్. రిలీజ్ రోజే వెళ్లాను. జాకీ ష్రాఫ్ నాకు నచ్చే నటుడే, కాని గజల్ మన తెలుగు హాల్లోకి అంత సులువుగా దిగదు, దాశరథి, సినారె తెలుగులో గజళ్లు రాసి ఎంత అందంగా చూపించినా సినిమాలో విలన్‌ని ప్రేమించేంతగా ప్రేక్షకుడికి ఆ పాట ఎక్కాలి, అది ఎక్కకపోతే మిగతా కథంతా మామూలు పోలీస్ కథే. ఒరిజినల్‌కి మాత్రం అది వచ్చిన రోజుల్లోనే నేషనల్ అవార్డు కూడా వచ్చింది, జనరంజక చిత్రం కేటగిరీలో, న్యాయంగా వచ్చింది.

మామతో నాకు ఈ సినిమా మీద వాదన ఆ రాత్రి హాల్లోంచి బయటికొచ్చినప్పుడే మొదలైంది, రిక్షాలో ఇంటికొచ్చేదాకా ఒకటే మాట, "అంత బాగ పాడెటోడు అసొంటి పని చెయ్యడు రా, కథ రాసినోనికి గజల్ తెల్వదు." ఇప్పుడు రిటైరై కాగజ్‌నగర్‌లోనే ఉంటున్నాడు, 2011లో జగ్జీత్ సింగ్ పోయినప్పుడు ఫోన్ చేసి ఏడ్చాడు, ఆ ఫోన్‌లో కూడా మళ్లీ ఇదే ఎత్తాడు. నేనేమంటానంటే, మామా, పాట బాగా పాడినంత మాత్రాన మనిషి మంచోడైపోడు, సినిమా మొత్తం చెప్పేదే అది, నీకు అంత కోపం వచ్చిందంటేనే ఆ విలన్ ఎంత బలమైనవాడో చూడు, అంటాను. ఆయన ఒప్పుకోడు. మొన్న దసరాకి వెళ్తే కొత్త వాదన తీశాడు, గుల్ఫాంని చావనివ్వకుండా అరెస్టు చేసి కోర్టులో నిలబెట్టాల్సిందట, అక్కడ జడ్జి ముందు ఆ ప్రశ్నకి జవాబు చెప్పించాల్సిందట. "సచ్చిపోతె తప్పించుకున్నట్టే గద రా" అన్నాడు. దీనికి మాత్రం నా దగ్గర ఇంకా సరైన జవాబు దొరకలేదు, సంక్రాంతికి వెళ్లేలోపు ఆలోచించి పెట్టుకోవాలి.